నాడా దొరికిందని గుర్రం

మొన్న శనివారం పొద్దున్నే మా రూమ్మేట్ నిద్ర లేపి, "మామా, ఒకసారి కిందకి రా, చెయ్యి వెయ్యాలి" అన్నాడు. ఏ సోఫానో కొనుక్కొచ్చాడేమో అనుకుంటూ వెళ్ళా. కారు డిక్కీలో, మా ఇంట్లోంచి మాయమైన నా పాత దుప్పటిలో చుట్టి, ఒక ఇంజను ఉంది! గుద్దుకుని తుక్కయిపోయిన రెండో తరం మాజ్డా ఆర్ఎక్స్-7 లోంచి ఊడదీసిన 13బి రోటరీ ఇంజనట. పక్కింటాయన్ని కూడా పిలిచి, ముగ్గురం మూలుగుతూ గరాజ్‌లోకి దించాం.

"ఏ కారులో పెడతావురా దీన్ని?" అన్నా.

"అదే ఇంకా అనుకోలేదు. చిన్న ఇంజనే కదా, ఎందులోనైనా పడుతుంది. నువ్వు మెకానికల్ కదా, చూసి చెప్పు."

నాడా దొరికిందని గుర్రం కొనడం అంటే ఇదే. పైగా ఆర్నెల్లు దాచుకున్న డబ్బులు పోసి మరీ కొన్నాడు నాడాని. నేనేమో మెకానికల్ డిగ్రీ చేతిలో పెట్టుకుని ఆరేళ్ళుగా జావా రాసుకు బతుకుతున్నవాణ్ణి. ఈ మధ్య నేను ముట్టుకున్న ఒకే ఒక్క యంత్రం మిక్సీ. అయినా వాడు 'మెకానికల్ కదా' అన్నాక పౌరుషం వచ్చి, నాలుగు సాయంత్రాలు కూర్చుని చదివా. చదివాక తెలిసిందేమిటంటే, వాడి మాట వాడిది కాదు. "చిన్నదే కదా, ఎందులోనైనా పడుతుంది" అని వాడికంటే ముందు పెద్ద పెద్ద కంపెనీలే అనుకున్నాయి, వాటిల్లో కొన్ని ఆ మాట నమ్మే మునిగాయి.

రోటరీ ఇంజను ఎప్పుడూ చూడనివాళ్ళకోసం రెండు ముక్కలు. ఇందులో పైకీ కిందకీ కొట్టుకునే పిస్టన్లు ఉండవు, వాల్వులూ ఉండవు. నడుం దగ్గర కాస్త నొక్కిన కోడిగుడ్డు ఆకారంలో ఒక డొల్ల, దాంట్లో సమోసాలాగా పక్కలు ఉబ్బిన ఒక ముక్కోణపు రోటరు. అది గిర్రున తిరుగుతుంటే మూడు పక్కలా మూడు గదులు ఏర్పడి, పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. గాలీ పెట్రోలూ లోపలికి పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ బయటికి తోయడం అన్నీ ఆ తిరుగుడులోనే అయిపోతాయి. రోటరు ఒక చుట్టు తిరిగేలోపు మధ్యలో షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. మావాడి 13బిలో అలాంటి రోటర్లు రెండు, ఒక్కో గది 654 సీసీ, వెరసి 1308 సీసీ. ఇంజను ఎంత చిన్నగా ఉంటుందంటే, దాని పక్కన అంతే బలం ఉన్న మామూలు ఇంజను పెడితే అత్తగారి పక్కన కొత్త కోడలిలా ఒదిగి ఉంటుంది.

తంటా అంతా ఆ సమోసా మూడు కొసల్లో ఉంది. ప్రతి కొసకీ సన్నటి పట్టీలాంటి సీలు ఉంటుంది. అది డొల్ల గోడని రాసుకుంటూ, ఒక గదిలో గాలి పక్క గదిలోకి పోకుండా కాపు కాయాలి. దానికి నూనె కావాలి కాబట్టి ఈ ఇంజను కొంత ఆయిల్‌ని కావాలనే మండే గదిలోకి వదిలి తాగేస్తుంది. మంట ఎప్పుడూ డొల్లకి ఒక పక్కే కాబట్టి ఆ పక్క సలసలా కాగుతుంటే రెండో పక్క చల్లగా ఉంటుంది. మండే గది పొడుగ్గా పల్చగా ఉండటంతో వేడి చాలావరకు గోడల్లోకే పోతుంది, పెట్రోలు కొంత పూర్తిగా మండకుండానే పొగగొట్టంలోంచి వెళ్ళిపోతుంది. తక్కువ వేగంలో గుంజే శక్తి తక్కువ. ఇవి గుర్తు పెట్టుకోండి, కథంతా వీటిమీదే నడుస్తుంది.

దీన్ని కనిపెట్టిన ఫెలిక్స్ వాంకెల్ (1902–1988) జర్మన్. కాలేజీ చదువు లేదు, డ్రైవింగ్ లైసెన్సు జన్మలో తీసుకోలేదు. నాజీ పార్టీలో ఉన్నవాడు, యుద్ధం అయ్యాక ఫ్రెంచివాళ్ళు పట్టుకుని కొన్నాళ్ళు జైల్లో పెట్టారు కూడా. 1951లో మోటార్ సైకిళ్ళు చేసే ఎన్ఎస్‌యు కంపెనీతో కలిశాడు. 1957లో మొదటి ఇంజను తిరిగింది. అందులో రోటరూ డొల్లా రెండూ తిరుగుతాయి. వినడానికి అద్భుతం, కానీ స్పార్క్ ప్లగ్గు మార్చాలంటే ఇంజను మొత్తం విప్పాలి! హాన్స్ డీటర్ పాష్కె అనే ఎన్ఎస్‌యు ఇంజనీరు డొల్లని కదలకుండా బిగించి, లోపలి రోటరు ఒక్కటే తిరిగేలా మార్చాడు. పందెపు గుర్రాన్ని తీసుకెళ్ళి నాగలికి కట్టారని వాంకెల్ బాధపడ్డాడంటారు. ఇవాళ మన గరాజ్‌లో ఉన్నది ఆ నాగలి గుర్రమే.

సరే, గుర్రం వచ్చింది. బండి ఏది?

ఎన్ఎస్‌యు మొదట 1964లో స్పైడర్ అనే రెండు సీట్ల బుల్లి కారులో ఒకే రోటరుతో పెట్టింది. అమ్మినవి రెండున్నర వేల లోపే అయినా, జాగ్రత్తయిన మొదలే. అక్కడితో ఆగితే బావుండేది. 1967లో ఆర్ఓ 80 తెచ్చారు. రెండు రోటర్లు, 115 గుర్రాల బలం, పెద్ద కుటుంబపు కారు. ఇప్పుడు చూసినా పాతకాలపుది అనిపించదు, అంత అందంగా గీశాడు క్లాస్ లూటె. 1968 యూరప్ 'కార్ ఆఫ్ ది ఇయర్' కూడా అదే. కానీ సీళ్ళు అరిగిపోవడం మొదలైంది. వారంటీ కింద ఇంజన్లు మార్చి ఇచ్చీ ఇచ్చీ కంపెనీ నడుం విరిగింది. రోడ్డుమీద ఇద్దరు ఆర్ఓ 80 ఓనర్లు ఎదురుపడితే ఎన్నో ఇంజనో చేతివేళ్ళతో చూపించుకునేవారని ఒక జోకు ఉంది. 1969లో ఫోక్స్‌వ్యాగన్ ఎన్ఎస్‌యుని కొనేసి ఆడీలో కలిపేసింది. 1977 దాకా తయారైనవి 37 వేల పైచిలుకు.

ఇక్కడే నాకు భలే నచ్చిన ముక్క. ఇంగ్లాండులో విసిగిపోయిన ఓనర్లు ఆ రోటరీని పీకేసి, ఫోర్డ్ వారి వి-4 ఇంజను పెట్టుకున్నారు. ఎందుకు అదే? ఆ చిన్న చోటులో పట్టేంత పొట్టి ఇంజను అదొక్కటే సులువుగా దొరికింది కాబట్టి. అంటే కారు చరిత్రలో పేరున్న మొదటి రోటరీ మార్పిడి, రోటరీని పెట్టడం కాదు, తీసెయ్యడం! మావాడికి ఇది చెబితే మొహం ముడుచుకున్నాడు.

ఫ్రాన్సులో సిట్రోయెన్ ది ఇంకా విషాదం. ఎన్ఎస్‌యుతో కలిసి కొమోటర్ అనే ఉమ్మడి కంపెనీ పెట్టి, 1973 అక్టోబరులో జిఎస్ బైరోటర్ విడుదల చేసింది. సరిగ్గా అదే నెలలో అరబ్ దేశాలు చమురు కుళాయి కట్టేశాయి. దండిగా పెట్రోలు తాగే బండిని అమ్మకానికి పెట్టడానికి అంతకన్నా చెడ్డ ముహూర్తం వెతికినా దొరకదు. అమ్మింది 847. తర్వాత కంపెనీయే వాటిని వెనక్కి కొని తుక్కు చేసింది, విడిభాగాలు ఇచ్చే బాధ తప్పించుకోడానికి. కొంతమంది మొండివాళ్ళు ఇవ్వలేదు కాబట్టి కొన్ని మిగిలాయి.

ఇక మేముండే డెట్రాయిట్ సంగతి. జనరల్ మోటర్స్ అధ్యక్షుడు ఎడ్ కోల్‌కి రోటరీ అంటే పిచ్చి. 1970లో 5 కోట్ల డాలర్లకి లైసెన్సు ఒప్పందం చేసుకున్నారు. షెవర్లే వేగాలో పెడదామన్నారు. వాళ్ళని చూసి అమెరికన్ మోటర్స్ వాళ్ళు, జిఎం నుంచి ఇంజన్లు కొనుక్కుందామని నమ్మి, ఆ ఇంజను కొలతలకి తగ్గట్టు పేసర్ అనే కారు గీసేసుకున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. 1974లో కోల్ రిటైరయ్యాడు, పొగ నిబంధనలకీ మైలేజీకీ ఇంజను లొంగలేదు, జిఎం చేతులెత్తేసింది. పేసర్ మాత్రం 1975 ఫిబ్రవరిలో రావాల్సిందే! ఏం చేస్తారు, పొట్టి ముక్కులో తమ దగ్గరున్న ఆరు సిలిండర్ల పొడుగాటి ఇనప ఇంజన్నే కుక్కారు. దాని వెనక భాగం అద్దం కిందకి దూరిపోయి ఉంటుంది, మెకానిక్కులు తిట్టుకుంటూ పనిచేసేవారు. లేని ఇంజనుకోసం కట్టిన ఇల్లు అది. 1979 డిసెంబరు దాకా లాగి ఆపేశారు.

ఇక మిగిలింది మాజ్డా (అప్పట్లో కంపెనీ పేరు టోయో కోగ్యో). హిరోషిమా ఊరి కంపెనీ. అరవైల మొదట్లో జపాన్ ప్రభుత్వం చిన్న కార్ల కంపెనీలని పెద్దవాటిలో కలిపెయ్యాలని చూస్తోంది. మాకంటూ ఒక ప్రత్యేకత లేకపోతే మింగేస్తారని అధ్యక్షుడు త్సునేజి మత్సుదాకి భయం. 1961లో ఎన్ఎస్‌యు నుంచి లైసెన్సు తెచ్చాడు. తీరా ఇంజను తిప్పి చూస్తే, సీళ్ళు అదిరి డొల్ల లోపలి గోడమీద అలలు అలలుగా గీతలు. 'దెయ్యం గోళ్ళ గీతలు' అన్నారు వాటిని. వాటిని వదిలించమని 1963లో కెనిచి యమమోటో అనే ఇంజనీరుకి 47 మందినిచ్చారు. జపాన్‌లో 47 మంది రోనిన్ల కథ మనకి పల్నాటి వీరుల కథలాగా అన్నమాట, ప్రభువుకోసం ప్రాణాలిచ్చిన యోధులు. అందుకే వీళ్ళకీ ఆ పేరే అంటుకుంది. చివరికి కార్బన్లో అల్యూమినియం కలిపిన సీళ్ళతో దెయ్యం వదిలింది. 1967 మేలో కాస్మో స్పోర్ట్ వచ్చింది. దాదాపు చేత్తో కట్టిన కారు, ఐదేళ్ళలో 1176 మాత్రమే. 1968లో జర్మనీ నుర్‌బర్గ్‌రింగ్‌లో 84 గంటల పరుగు పందానికి రెండు కాస్మోలని పంపితే ఒకటి నాలుగో స్థానంలో వచ్చింది.

ఇంత కష్టపడి గెలిచినవాళ్ళు తర్వాత చేసిందేమిటి? అచ్చం మా రూమ్మేట్ చేసిందే. ఎందులో పడితే అందులో పెట్టారు! ఫామిలియా, కాపెల్లా లాంటి చిన్న కార్లతో మొదలెట్టారు, అవి బాగానే పరిగెత్తాయి. ఆ ఊపులో 1974లో పికప్ ట్రక్కులో పెట్టి అమెరికాకి పంపారు. బరువులు లాగే బండికి కింది వేగంలో గుంజే ఇంజను కావాలి, వీళ్ళు పెట్టింది కేకలు పెట్టిస్తే తప్ప లాగనిది. అదే ఏడు పార్క్‌వే అనే 26 సీట్ల మినీ బస్సు. ఏసీ ఉన్న రకంలో, ఆ ఏసీ తిప్పడానికి ఇంకో చిన్న పెట్రోలు ఇంజను విడిగా పెట్టారు. మొత్తం 44 బస్సులు. 1975లో రోడ్‌పేసర్ అయితే అసలు సిసలు ఇంజను మార్పిడే. ఆస్ట్రేలియా నుంచి హోల్డెన్ పెద్ద కారు బాడీలని ఇంజను లేకుండా ఓడల్లో తెప్పించి, హిరోషిమాలో 13బి బిగించారు. టన్నున్నర బరువు, పెద్ద ఆఫీసర్లు వెనక సీట్లో కూర్చుని వెళ్ళే కారు. సుమారు 800 అమ్మాక మూసేశారు. మా గరాజ్‌లో ఉన్నది ఆ 13బి వంశమే.

ఈలోగా చమురు ధర, అమెరికా పర్యావరణ శాఖ వారి మైలేజీ లెక్కలు కలిసి మాజ్డా అమ్మకాలని కూలదోశాయి. ఊరంతా ఆధారపడిన కంపెనీ. 1975లో సుమిటోమో బ్యాంకు వచ్చి నిలబెట్టకపోతే అప్పుడే అయిపోయేది. యమమోటో బృందం మళ్ళీ బల్లల ముందు కూర్చుని, పెట్రోలు ఖర్చు 40 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. ఇంజను బాగుచేసుకోవడం ఒక ఎత్తు, దానికి తగిన కారుని ఎంచుకోవడం ఇంకో ఎత్తు. నన్నడిగితే రెండోదే పెద్దది. 1978లో ఆర్ఎక్స్-7: తేలికైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, వెనక చక్రాల నడక. ఇంజను పొట్టిది కాబట్టి ముందు ఇరుసుకి వెనగ్గా జరిపి కూర్చోబెట్టారు, బరువు మధ్యకి చేరి కారు మలుపుల్లో చెప్పినట్టు వింది. బరువు తక్కువ కాబట్టి గుంజే శక్తి లేకపోయినా తెలీదు. ఎక్కువ వేగంలో తిప్పడం తప్పు కాదు, అసలు కొన్నదే అందుకు. మైలేజీ గురించి గొణగని మనిషే దాన్ని కొంటాడు. 2002లో ఆపేదాకా మూడు తరాల్లో 8 లక్షలకి పైగా అమ్మారు. యమమోటో 1984లో కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. 1991లో నాలుగు రోటర్ల 787బి లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది, జపాన్ కంపెనీకి అదే మొదటిసారి. తర్వాత ఆర్ఎక్స్-8 2012 దాకా నడిచింది. 2023లో ఎంఎక్స్-30లో మళ్ళీ తెచ్చారు గానీ, అక్కడది చక్రాలు తిప్పదు, బ్యాటరీకి కరెంటు తయారుచేస్తుంది అంతే. హాయిగా తిరిగే ఉద్యోగం, ఈ వయసులో దానికి తగిందే.

ఇదంతా బుధవారం రాత్రి పప్పన్నం తింటూ మావాడికి చెప్పా. వాడు అప్పటికే మూడు కార్లు చూసి పెట్టుకున్నాడు. ఒకటి వాళ్ళ మేనేజర్ అమ్ముతున్న పాత పికప్ (చవక!), ఇంకోటి పెద్ద సెడాను, మూడోది పాతికేళ్ళ పైబడిన మాజ్డా మియాటా, టన్నుకి అటూ ఇటూ బరువు, వెనక చక్రాల నడక. మొదటిది ట్రక్కు కథ, రెండోది రోడ్‌పేసర్ కథ అని నా వాదన. మూడోదానికైనా టేపు పట్టుకుని ఇంజను పడుతుందా లేదా అని కొలవద్దన్నా. పడుతుంది, ఎందులోనైనా పడుతుంది, అదే దీంతో తంటా. ఆయిల్ కూలర్ ఎక్కడ పెడతావు, ఎర్రగా కాలే పొగగొట్టం నీ కాళ్ళకింద ఎటు పోతుంది, గేర్‌బాక్సు ఎక్కడ తెస్తావు, ఇక్కడి చలికాలపు ఉప్పు రోడ్లకి కింద రేకు ఎంత మిగిలింది, ఇవి చూడమన్నా.

అంతా విని, "మామా, అసలీ ఇంజను సీళ్ళు బావున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

"కొనేముందు కంప్రెషన్ చూసుకోవాలి కదరా. చూశావా?"

చూళ్ళేదు. ఈ శనివారం విప్పుతున్నాం. దుప్పటి మీద ఆశ ఎప్పుడో వదిలేసుకున్నా.