ఉపాధ్యాయుని రచన – వృత్తి వికాసం: పర్లాకిమిడి నుంచి చిట్యాల దాకా

ప్రస్తావన

ఉపాధ్యాయుడు పాఠశాలలో నిత్యం ఏదో ఒకటి రాస్తూనే ఉంటాడు. పాఠ్య ప్రణాళిక, హాజరు పట్టిక, మార్కుల నివేదిక అన్నీ అతని రాతలే. అయితే ఇవి పై అధికారి తనిఖీకి ఉద్దేశించినవి. తరగతిలో ఎదురైన సమస్యను తోటి బోధకుల ముందు, చదువరుల ముందు ఉంచే రచన వీటికి భిన్నమైనది. అది ఆక్షేపణకు ఎదురు నిలవాలి. తెలుగులో ఇటువంటి రచన రూపుదిద్దుకొన్న తీరును గుర్తించి, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని చిట్యాల వంటి గ్రామీణ మండలాల బోధకులకు దాని ప్రయోజనాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తరగతి గది నుంచి పత్రికకు

ఉపాధ్యాయ వృత్తిలో ఉంటూనే కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని'ని ప్రారంభించారు. సామాన్య పాఠకులకు చేరవలసిన అవసరమే ఆయన గద్యాన్ని సరళతవైపు నడిపింది. పాఠకులు రచయితను దిద్దుతారనడానికి ఇది తొలి నిదర్శనాలలో ఒకటి.

గిడుగు రామమూర్తి (1863–1940) జీవితంలో ఈ సంబంధం మరింత స్పష్టం. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరిన ఆయన సవరల భాషను నేర్చుకొన్నారు. వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించే యత్నం చేశారు. పిల్లవాని ఇంటిభాషను తెలుసుకోవడం బోధనకు తొలిమెట్టు అన్న అనుభవం ఆయనకు అక్కడ కలిగింది. 20వ శతాబ్ది తొలి దశకంలో పాఠశాలల పరీక్షాధికారి జె. ఎ. యేట్స్, తెలుగువారు మాట్లాడే భాషకూ బడిలో నేర్పే భాషకూ ఇంత దూరం ఎందుకని ప్రశ్నించినప్పుడు గిడుగు దృష్టి తెలుగు బోధన వైపు మళ్లింది.

ఆయన ఆ ప్రశ్నకు అభిప్రాయంతో సరిపెట్టుకోలేదు. శాసనాల నుంచి, పూర్వ గ్రంథాల నుంచి ప్రయోగాలు సేకరించారు. గ్రాంథికవాదుల రచనల్లోనే వ్యాకరణ విరుద్ధ ప్రయోగాలను చూపారు. స్కూలు ఫైనల్ వ్యాసరచనలో ఆధునిక భాషకు లభించిన అనుమతి పండితుల ప్రతిఘటనతో కొద్దికాలానికే రద్దయింది. ఉద్యోగ విరమణానంతరం 1919లో ఆయన 'తెలుగు' మాసపత్రికను స్థాపించారు. ఆ పత్రిక ఆయుష్షు స్వల్పమే. అయినా వాదానికి ప్రతివాదం, ప్రతివాదానికి ఉదాహరణ సమకూర్చుకొనే క్రమంలో బడిపంతులు భాషాశాస్త్రవేత్తగా ఎదిగారు. 1931లో వెలువడిన సవర భాషా వ్యాకరణం, 1938 నాటి సవర–ఇంగ్లీషు నిఘంటువు ఆ ఎదుగుదలకు ఫలాలు.

ఇనుగుర్తి అనుభవం

నిజాం రాజ్యంలో స్థితి వేరు. పాలనలోనూ ఉన్నత విద్యలోనూ ఉర్దూదే ప్రాబల్యం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో బోధించింది. అందువల్ల తెలుగు విద్యాసంస్కారం చాలావరకు గ్రంథాలయాల ద్వారా, పత్రికల ద్వారా సాగింది. 1904లో హనుమకొండలో వెలసిన శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఇందుకు ఉదాహరణ. నేటి మహబూబాబాదు జిల్లాలోని ఇనుగుర్తి నుంచి 1922లో ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు 'తెనుగు' వారపత్రికను వెలువరించారు. వారు వృత్తిరీత్యా ఉపాధ్యాయులు కారు. కాని సంపాదకత్వంతో పాటు ముద్రణ భారాన్ని కూడా తామే వహించి, పట్టణానికి దూరంగా ఉన్న పల్లె నుంచి కూడా లోకంతో సంభాషించవచ్చునని నిరూపించారు. చిట్యాల, ఇనుగుర్తి రెండూ పూర్వ వరంగల్లు జిల్లాలోనివే కావడం గమనార్హం.

చిట్యాల తరగతికి అన్వయం

గిడుగు ఎదుర్కొన్న సమస్య నేటికీ తీరలేదు. ఈ ప్రాంతపు పిల్లవాడు ఇంట 'తొవ్వ', 'అంగి', 'కైకిలి' అంటాడు; పాఠ్యపుస్తకంలో 'దారి', 'చొక్కా', 'కూలి' కనిపిస్తాయి. బోధకుడు మొదటి మాటలను తప్పుగా కొట్టివేస్తే పిల్లవాడు మౌనం వహిస్తాడు. వాటిని పాఠంలోకి తెచ్చి, ఫలితాన్ని రాసిపెడితే బోధనా సాహిత్యానికి కొత్త సామగ్రి లభిస్తుంది. ఏజెన్సీ గ్రామాల కోయ పిల్లల విషయంలో ఈ అవసరం మరింత తీవ్రం.

అటువంటి రచనకు నాలుగు అంశాలు ఆవశ్యకం: సమస్యను నిర్దిష్టంగా చెప్పడం, చేసిన ప్రయత్నాన్ని వరుసగా వివరించడం, విఫలమైన దానిని దాచకపోవడం, వచ్చిన ఆక్షేపణకు సమాధానమివ్వడం. పిల్లల పేర్లను, కుటుంబ వివరాలను గోప్యంగా ఉంచడం నైతిక నియమం. విజయాలను మాత్రమే ప్రకటించే రచన ప్రశంస తేవచ్చు గాని వృత్తి వికాసానికి తోడ్పడదు.

ముగింపు

వీరేశలింగాన్ని పాఠకుల అవసరం, గిడుగును ప్రతిపక్షుల ఆక్షేపణ తీర్చిదిద్దాయి. రచనను ప్రకటించడంతోనే ఉపాధ్యాయుని పని పూర్తికాదు. దానికి వచ్చిన ప్రతిస్పందన నుంచి నేర్చుకోవడంతోనే అతని వృత్తి వికాసం మొదలవుతుంది. చిట్యాల ఉన్న జిల్లా అర్థశాస్త్ర ఆచార్యుడు, కాకతీయ విశ్వవిద్యాలయ ఉపకులపతి కొత్తపల్లి జయశంకర్ పేరును ధరించింది. ఒక అధ్యాపకుని పేరు మోసే జిల్లాలో తరగతి గది అనుభవం అలిఖితంగా మిగిలిపోవడం విచారకరం. దానిని లిపిబద్ధం చేయడం అక్కడి ఉపాధ్యాయుల బాధ్యత. చదివి విమర్శించడం విశ్వవిద్యాలయ తెలుగు శాఖల బాధ్యత.