కొలత యెచ్చటినుండి?

మా ప్రసారవృత్తిలో ట్రాన్స్‌మిటర్ ఒకచోట, ఏరియల్ మరియొకచోట నుండును. నడుమ తీగమార్గము. ట్రాన్స్‌మిటర్ కడ నిలిచి ఏరియల్‌ను కొలిచినచో తీగ ప్రభావముకూడ అందు కలసివచ్చును. నిర్దోషమైన ఏరియల్ దోషివలె కనిపించును.

శ్రోతలు దీనిని స్వల్పమనుకొనరాదు. 300 మెగాహెర్ట్జ్ తరంగము నిడివి గాలిలో ఒక మీటరు. అందు నాల్గవవంతు, అనగా 25 సెంటీమీటర్ల తీగజంట ఆవలికొన తెరచియున్నచో, ఈవలికొననుండి కొలుచువానికి రెండు తీగలును కలిసిపోయినట్లే తోచును! అరమీటరైనచో మరల తెరచినట్లే.

అమెరికాలో బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో ఏరియల్ తీగమార్గములపై పనిచేసిన ఫిలిప్ స్మిత్ ఈ గణితమునంతను ఒక వృత్తపటమున ఇమిడ్చి, 1939 జనవరిలో 'ఎలక్ట్రానిక్స్' పత్రికలో ప్రకటించెను. జపానులో మిజుహాషి 1937లోనే ఇట్టి పటమును స్వతంత్రముగా రూపొందించియుండెను. తీగవెంట జరుగుట యనగా పటములో కేంద్రముచుట్టు తిరుగుట; అరతరంగమునకు ఒక ప్రదక్షిణము. కొలిచినవాడు కదలకయే, కొలతగీటును ఏరియల్ పాదమునకు చేర్చవచ్చును.

1984లో వచ్చిన హ్యూలెట్-పాకర్డ్ 8510 యంత్రము ఇట్టి దిద్దుబాటును తానే గణించెను. అయినను జాగరూకత తప్పలేదు. 10 గిగాహెర్ట్జ్‌వద్ద గీటు ఒక్క మిల్లీమీటరు తప్పినచో, పోయివచ్చు తరంగమున 24 డిగ్రీల భేదము వచ్చును. గీటు జరిపినంతమాత్రమున అతుకులలోని ప్రతిఫలనము తొలగదు. దానికై గీటుకడ గుణమెరిగిన ప్రమాణఖండములనుంచి, ముందుగా యంత్రమునే పరీక్షింపవలెను.

ఏరియల్‌పై నేరము మోపుటకు ముందు, మేము ఎచ్చట నిలిచి కొలిచితిమో చూచుకొనుట న్యాయము.