ల్యాప్‌టాప్‌లో నల్లరేకు: క్లీవ్‌లాండ్ కార్బన్ కథ

ఒహాయోలో పార్మా అనగానే మనవాళ్ళకు శివవిష్ణు ఆలయం గుర్తుకొస్తుంది. క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధనకు వెళ్ళినప్పుడు అక్కడ దర్శనం చేసుకున్నవాళ్ళు మీలో కూడా ఉండే ఉంటారు. ఆ పార్మాలోనే స్నో రోడ్డు మీద ఒకప్పుడు యూనియన్ కార్బైడ్ వారి పరిశోధనాలయం ఉండేది. మన ల్యాప్‌టాపులూ, సెల్‌ఫోన్లూ చెయ్యి కాలకుండా పనిచెయ్యడం వెనక ఆ కంపెనీ చరిత్ర చాలా ఉంది. ఈవారం ఆ కథ చెప్తాను.

యూనియన్ కార్బైడ్ అంటే మనకు ముందు గుర్తొచ్చేది 1984 నాటి భోపాల్. గుర్తు రావాలి కూడా. అది మరిచిపోయి ఈ కంపెనీని మెచ్చుకోవడం నాకు చేతకాదు. అయితే ఈ కథ భోపాల్‌కి వందేళ్ళ ముందు, వీధి దీపాలతో మొదలవుతుంది.

1879 ఏప్రిల్‌లో ఛార్లెస్ బ్రష్ అనే ఆయన క్లీవ్‌లాండ్ పబ్లిక్ స్క్వేర్‌లో ఆర్క్ దీపాలు వెలిగించాడు. రెండు కార్బన్ కడ్డీల మధ్య మెరుపు పుట్టించడమే ఆ దీపం. కడ్డీలు కాలి అరిగిపోతుంటాయి, కొత్తవి కావాలి. ఆ గిరాకీ మీదే 1886లో నేషనల్ కార్బన్ కంపెనీ పుట్టింది. పదేళ్ళకు, 1896లో, వాళ్ళే కొలంబియా అనే డ్రైసెల్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చారు. 1914లో ఎవరెడీని కొన్నారు. 1917లో యూనియన్ కార్బైడ్‌లో కలిశారు. చిన్నప్పుడు అయిపోయిన ఎవరెడీ బ్యాటరీ పగలగొట్టి, అందులోని నల్లకడ్డీతో గోడల మీద గీతలు గీసినవాళ్ళకు ఈ వంశవృక్షం ఎక్కడిదాకా వచ్చిందో అర్థమయ్యే ఉంటుంది.

1958లో పార్మాలో రోజర్ బేకన్ అనే యువ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేస్తున్నాడు. గ్రాఫైట్‌ను మామూలుగా వేడిచేస్తే కరగదు, నేరుగా ఆవిరైపోతుంది. దాన్ని కరిగించాలంటే ఎంత ఒత్తిడి, ఎంత వేడి కావాలో ఆయన కొలుస్తున్నాడు. ఒత్తిడి తగ్గించినప్పుడు కొలిమిలో పేరుకున్న ముద్దలో వెంట్రుకకన్నా సన్నని పోగులు కనిపించాయి. చాప చుట్టినట్టు గ్రాఫైట్ పొరలు చుట్టుకున్న పోగులు. ఉక్కుకన్నా ఎన్నో రెట్లు బలం. ఖరీదు మాత్రం పౌండుకు కోటి డాలర్లు పడుతుందని ఆయనే లెక్కగట్టాడు! 1970లో అదే సంస్థలోని లెనార్డ్ సింగర్ తారులాంటి పదార్థం నుంచి అణువులన్నీ ఒకే దిశలో వరసకట్టిన పోగులు తీశాడు. ఈ జాతి పోగుల్లో మేలురకాలు రాగికన్నా రెట్టింపుకు పైగా వేడిని మోస్తాయి. ఉపగ్రహాల్లో వీటికి బాగా పని దొరికింది.

వేడి కథలో అసలు కిటుకు ఈ 'ఒకే దిశ'లోనే ఉంది. గ్రాఫైట్‌ను పూతరేకులా ఊహించుకోండి. పొర వెంట వేడి పరుగెడుతుంది. పొర నుంచి పై పొరకు ఎక్కాలంటే మొరాయిస్తుంది. శాస్త్రజ్ఞుల లెక్కలో అల్యూమినియంకు 237 మార్కులు, రాగికి 400. మంచి గ్రాఫైట్‌కు పొరల వెంట 1500 దాటి వస్తాయి, అడ్డంగా పదికి మించి రావడం కష్టం. కాబట్టి వేడి ఎటు పోవాలో ముందే తెలుసుకుని దాన్ని అమర్చాలి.

ఇక మన నల్లరేకు సంగతి. 1960లలో యూనియన్ కార్బైడ్ వాళ్ళు గని నుంచి తీసిన గ్రాఫైట్ రేకులను యాసిడ్‌లో నానబెట్టి, ఒక్కసారిగా వేడిచేశారు. అవి మూకుట్లో పేలాల్లా వంద రెట్లకు పైగా ఉబ్బాయి. వాటిని అటుకుల్లా నొక్కితే, ఏ జిగురూ లేకుండానే కాగితంలా వంగే రేకు తయారైంది. 1968లో పేటెంటు వచ్చింది. గ్రాఫాయిల్ అని పేరు పెట్టారు. దాన్ని దేనికి వాడారనుకుంటున్నారు? ఫ్యాక్టరీల్లో గొట్టాల అతుకుల దగ్గర ఆవిరి కారకుండా వేసే గాస్కెట్లకి! దాదాపు ముప్ఫై ఏళ్ళు దాని ముఖ్యమైన కొలువు అదే. వేడిని పక్కలకు పరిచే గుణం మొదటినుంచీ దాన్లో ఉంది, దాంతో పనిపడే వస్తువులే లేవు.

2000 తర్వాత ఆ అవసరం వచ్చింది. ప్లాస్మా టీవీల్లో బొమ్మ ఉన్నచోట ఒక తీరుగా, లేనిచోట ఒక తీరుగా వేడెక్కేది. ల్యాప్‌టాపులు పలచనై లోపల రాగి దిమ్మెలకు చోటు లేకుండా పోయింది. అప్పటికి యూనియన్ కార్బైడ్ నుంచి విడిపోయి గ్రాఫ్‌టెక్ అయిన కంపెనీ ఆ పాత రేకునే వేడిపరిచే పలకగా అమ్మింది. రాగికన్నా ఎన్నో రెట్లు తేలిక, కత్తెరతో కత్తిరించొచ్చు. జపాన్‌లో మత్సుషిత వాళ్ళు మరో దారిలో వెళ్ళారు. పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్ పొరను మూడువేల డిగ్రీల దరిదాపుల్లో కాల్చి, ఇంకా మేలైన గ్రాఫైట్ పొర తీశారు. ఆ తరహా పొరలే సెల్‌ఫోన్లలోకి వచ్చాయి.

2004 నుంచి పత్రికల్లో సిరా అంతా గ్రాఫీన్‌కే ఖర్చవుతోంది. 2008లో కాలిఫోర్నియాలో అలెగ్జాండర్ బలాందిన్ బృందం దాన్ని కొలిస్తే, మార్కులు 5000 దరిదాపుల్లో వచ్చాయి. గొప్పే, కాదనను. కానీ అణువంత మందమున్న పొర ఎంత చురుకైనదైనా మోసే బరువు కొంచెమే. ఇరుకు సందులో వేగంగా పరుగెత్తే ఒక్క మనిషికన్నా, వెడల్పాటి రోడ్డు మీద మామూలుగా నడిచే వందమంది ఎక్కువ సరుకు చేరేస్తారు. నా ఓటు ఆ పాత అటుకుల రేకుకే.

ఇంకొక మాట. ఈ రేకు వేడిని మాయం చెయ్యదు, ఒకచోట మంటగా ఉన్నదాన్ని వెడల్పుగా గోరువెచ్చగా చేస్తుంది, అంతే. అక్కణ్ణుంచి గాలిలోకి పోవలసిందే. అందుకే ల్యాప్‌టాప్‌ను దిండు మీదో బొంత మీదో పెట్టి కింది రంధ్రాలు మూసేస్తే, లోపల ఎంత ఖరీదైన కార్బన్ ఉన్నా లాభం లేదు. పిల్లలకు కూడా ఒకసారి చెప్పండి.

గ్రాఫ్‌టెక్‌లో ఈ రేకుల విభాగం 2017లో విడివడి నియోగ్రాఫ్ అయింది. ఆ కంపెనీ ఉన్నది క్లీవ్‌లాండ్ పక్కన లేక్‌వుడ్‌లో. కొలంబియా బ్యాటరీ పుట్టిందీ ఆ ఊళ్ళోనే.