యూనిట్ 64 – మన తరం పొదుపు కథ

ఈ ప్రత్యేక సంచికకు పొదుపు విషయమై ఏదైనా వ్రాయమని సంపాదకులు కోరారు. డబ్బు ఎక్కడ దాచుకోవాలో చెప్పే పాండిత్యం నాకు లేదు. అయితే మన తరం ఉద్యోగుల సొమ్ముతో ముడిపడిన చరిత్ర ఒకటుంది. అది యూనిట్ ట్రస్టు వారి యూఎస్ 64 కథ. ఆ పేరు వినని మన పిల్లల కోసం మొదటినుంచీ చెబుతాను.

1963లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం 1964 ఫిబ్రవరిలో యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఆ ఏడు జూలై 1న యూనిట్ స్కీం 64 మొదలైంది. యూనిట్ ముఖవిలువ పది రూపాయలు. షేర్ల బజారు గుట్టుమట్లు తెలియని చిన్న జీతగాడికి కూడా పరిశ్రమల లాభంలో పాలు దక్కాలన్నది ఉద్దేశం. తొలి డివిడెండు 6.1 శాతం. ఏటా జూలైలో యూనిట్ ధర తక్కువగా ఉండి, తర్వాత నెలనెలా పెరిగేది. జూలై వస్తుందని కాచుకుని కొన్నవారు మనలో ఎందరో! అమ్మే ధరా, తిరిగి కొనే ధరా ట్రస్టు వారే నిర్ణయించేవారు. యూనిట్ వెనుక ఉన్న ఆస్తుల అసలు విలువ ఎంతో మాత్రం ప్రకటించేవారు కాదు. ప్రభుత్వ సంస్థే కదా అని జనం దాన్ని బ్యాంకు డిపాజిట్ లాగే చూశారు.

ఇక్కడ ఒక అమెరికా పండితుణ్ణి తలచుకోవాలి. 1952లో హారీ మార్కోవిట్జ్ అనే ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు ఒక వ్యాసం ప్రచురించాడు. రాబడి ఒక్కటే లెక్కవేస్తే చాలదు, ఆ రాబడి ఎంత ఊగిసలాడుతుందో కూడా లెక్కవేయాలన్నాడు. అంతకన్నా ముఖ్యంగా, ఆస్తులను విడివిడిగా కాక కలిపి చూడాలన్నాడు. మన అనంతపురం రైతు వేరుశనగ చేలో కంది సాళ్లు వేసేది ఇందుకే. ఒక వాన తప్పి వేరుశనగ దెబ్బతిన్నా, వెనకటి వానకు కంది నిలబడవచ్చు. రెండూ ఒకే వాన మీద ఆధారపడితే ఎన్ని రకాలు చల్లినా లాభం లేదు. ఈ లెక్కకే 1990లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. తమాషా ఏమంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో తన సొంత పెన్షన్ డబ్బును మాత్రం ఏ లెక్కా వేయకుండా షేర్లలో సగం, బాండ్లలో సగం పెట్టానని ఆయనే చెప్పుకున్నాడు. 2023లో, తొంభై అయిదేళ్ల వయసులో పోయాడు.

యూఎస్ 64లో మారినది సరిగ్గా ఈ పాళ్లే. మొదట్లో ఎక్కువ భాగం స్థిర వడ్డీ పత్రాల్లో ఉండేది. 1990లలో షేర్ల వాటా పెరుగుతూ పోయి, ఆ దశకం చివరికి అరవై శాతం దాటింది. డివిడెండు 26 శాతం దాకా వెళ్లిన రోజుల్లో లోపల ఏముందని అడిగినవారు తక్కువ. పేరు అదే, సర్టిఫికెట్టు అదే, సరుకు మాత్రం వేరు. నా దృష్టిలో అసలు తప్పు షేర్లు కొనడం కాదు, కొన్న సంగతి ధరలో కనబడనీయకపోవడం.

1998లో నిల్వలు 1,098 కోట్ల రూపాయల లోటులో ఉన్నాయని బయటపడింది. దీపక్ పరేఖ్ కమిటీ వేశారు. ప్రభుత్వం ఆదుకుంది. ధరను ఆస్తి విలువకు ముడిపెట్టాలన్న సలహా అమలయ్యేలోగా షేర్ల ధరలు మళ్లీ కూలాయి. 2001 ఏప్రిల్, మే నెలల్లో పెద్ద పెద్ద కంపెనీలు వేల కోట్ల రూపాయల యూనిట్లు తిరిగి ఇచ్చి డబ్బు పట్టుకుపోయాయి. మే నెల ధర 14 రూపాయల 25 పైసలు. జూలై 2న ట్రస్టు వారు అమ్మకాలూ, తిరిగి కొనడాలూ ఆరు నెలలు నిలిపివేశారు. డిసెంబరు ఆఖరుకు తేలిన అసలు విలువ 5 రూపాయల 81 పైసలు! పదివేల యూనిట్లున్న పెద్దాయన 1,42,500 రూపాయలు ఉన్నాయనుకున్న చోట 58,100 రూపాయల ఆస్తి ఉందన్నమాట.

ఉద్యోగంలో ఉన్నవాడు ఆరు నెలలు ఆగగలడు, జీతం వస్తుంది కనుక. కూతురి పెళ్లికో, కంటి ఆపరేషనుకో ఆ యూనిట్లనే నమ్ముకున్న పెన్షనరు సంగతి వేరు. విలువ తగ్గడం ఒక ముప్పయితే, అవసరానికి చేతికందకపోవడం మరో ముప్పు. గొడవ పార్లమెంటు దాకా వెళ్లాక చిన్న మదుపుదారులకు కొంత ఊరట దొరికింది. మొదట మూడువేల యూనిట్ల వరకు, తర్వాత అయిదువేల వరకు పది రూపాయలతో మొదలై నెలనెలా పెరిగే ధరకు తీసుకుంటామన్నారు. 2003 మే నాటికి అది పన్నెండు రూపాయలైంది. అంతకు మించిన యూనిట్లకు పది రూపాయల హామీ ఇచ్చారు. ఈ తేడా భరించింది ప్రభుత్వ ఖజానా, అంటే యూనిట్ ముఖం చూడని వారు కూడా.

2003లో ట్రస్టును రెండుగా విడగొట్టారు. యూనిట్లు ఉన్నవారికి నగదు గాని, 6.75 శాతం వడ్డీతో పన్ను లేని అయిదేళ్ల బాండ్లు గాని ఎంచుకోమన్నారు. ఆ బాండ్ల గడువు 2008 మే 31తో తీరింది.