టర్న్‌టేబుల్, ట్రాంబోన్ ప్రయోగ సంగీతం

ఇది రికార్డు ప్లేయర్‌నూ (టర్న్‌టేబుల్), ఇత్తడి ఊదుడు వాద్యమైన ట్రాంబోన్‌నూ వాటి అలవాటైన పనికి భిన్నంగా వాడే సంగీత ధోరణి. ఈ రెండింటికీ స్వరాన్ని మెట్లు లేకుండా జార్చే గుణం ఉంది. ట్రాంబోన్‌లో గొట్టం ముందుకు జరిపితే శ్రుతి దిగుతుంది. రికార్డును నిమిషానికి 33⅓ చుట్ల నుంచి 45కు పెంచితే షడ్జమం శుద్ధ మధ్యమాన్ని కాస్త దాటుతుంది. కర్ణాటక సంగీతంలో 'జారు' గమకం విన్న చెవికి ఇది కొత్తగా తోచదు.

స్వరకర్త జాన్ కేజ్ 1939లో సియాటిల్‌లో వేగం మార్చగల టర్న్‌టేబుళ్లతో 'ఇమాజినరీ ల్యాండ్‌స్కేప్ నం. 1' కూర్చాడు. 1960లలో ప్రాగ్‌లో కళాకారుడు మిలాన్ క్నీజాక్ రికార్డులను కోసి, కాల్చి, అతికించి వాయించాడు. అన్నిటికంటే సాహసం క్రిస్టియన్ మార్‌క్లేది. ఆయన 1985 నాటి 'రికార్డ్ వితౌట్ ఎ కవర్' అట్ట లేకుండానే అమ్ముడైంది. భద్రపరచవద్దన్న సూచన డిస్కు మీదే ఉంది. పేరుకున్న దుమ్ము, పడిన గీతలు ఆ సంగీతంలో భాగమవుతాయి. అందువల్ల ఏ రెండు ప్రతులూ ఒకేలా మోగవు.

ట్రాంబోన్ వైపు స్వరకర్త లూచానో బెరియో రాసిన 'సీక్వెన్జా 5' (1966) కీలకం. వాదకుడు ఊదుతూనే గొంతుతో పాడాలి, వాద్యం మూతికి గిన్నె ఆకారపు మ్యూట్ (నాదాన్ని మార్చే మూత) అడ్డుపెడుతూ తీస్తూ ఉండాలి. ఊదే స్వరమూ పాడే స్వరమూ కలిసినప్పుడు మూడో ధ్వని కూడా వినిపిస్తుంది. జర్మన్ వాదకుడు ఆల్బర్ట్ మాంగెల్స్‌డోర్ఫ్ ఈ పద్ధతిని జాజ్‌లో శిఖరానికి చేర్చాడు. షికాగోకు చెందిన జార్జ్ లూయిస్ ట్రాంబోన్‌ను కంప్యూటర్‌తో సంభాషింపజేశాడు.