పదకొండుమంది ఏ పద్దులోకి?

"వలసవారు పెరిగితే నగరంలో హత్యలు పెరుగుతాయి" అన్న నమ్మిక చాలా పాతది. అది ఎంతవరకు నిజమో తెలుసుకుందామని చరిత్ర తిరగేస్తే, నాకు మొదట తారసపడిన ఊరు న్యూ ఆర్లియన్స్.

బానిసత్వం రద్దయ్యాక లూసియానా చెరకుతోటలకు కూలీలు కరవయ్యారు. ఆ లోటు తీర్చటానికి సిసిలీ ద్వీపం నుండి వేలాదిమంది ఓడలెక్కి వచ్చారు. కొందరు నగరం చేరి పండ్ల వ్యాపారంలోనూ, రేవు పనుల్లోనూ కుదురుకున్నారు. 1890 అక్టోబరు 15 రాత్రి నగర పోలీసు అధిపతి డేవిడ్ హెన్నెసీపై కాల్పులు జరిగాయి. మరునాడు ఆయన మరణించాడు. ఇది ఇటాలియన్ల పనేనని ఊరు తీర్మానించుకుంది. 19 మందిపై అభియోగాలు మోపారు. ముందుగా విచారించిన తొమ్మండుగురిలో ఆరుగురిని జ్యూరీ నిర్దోషులన్నది. మిగిలిన ముగ్గురిపై ఏకాభిప్రాయానికి రాలేకపోయింది.

ఆ మరునాడే, 1891 మార్చి 14న, వేలమంది చెరసాల మీద పడి 11 మందిని చంపారు. వారిలో ఐదుగురికి విచారణే జరగలేదు. ఆ హత్యలకు ఎవరికీ శిక్ష పడలేదు. నగర మేయరు క్షమాపణ చెప్పినది 2019లో! వలసకూ హత్యలకూ ముడిపెట్టేవారు ఈ పదకొండుమందిని ఏ పద్దులో వ్రాస్తారు?

ఇక లెక్కల మాట. అధ్యక్షుడు హూవర్ నియమించిన వికర్‌షామ్ కమిషన్ 1931లో ఈ ప్రశ్ననే పరిశీలించింది. జనాభా నిష్పత్తిని బట్టి చూస్తే, విదేశాల్లో పుట్టినవారి నేరాలు స్థానికుల నేరాలకన్నా తక్కువేనని తేల్చింది. హింసాత్మక నేరాలలో మాత్రం ఆ తేడా బాగా తగ్గిందని కూడా దాచకుండా చెప్పింది. 2005లో రాబర్ట్ శాంప్సన్ బృందం ప్రచురించిన చికాగో అధ్యయనం ప్రకారం, మూడవ తరంవారితో పోలిస్తే మొదటి తరం వలసదారులు హింసకు పాల్పడే అవకాశం 45 శాతం తక్కువ. దూరదేశంలో కూడబెట్టుకోవాలని వచ్చినవాడు తగవులకు దూరంగా ఉండటంలో వింతేముంది?

2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రపు ఒలాతేలో ఒక తెలుగు ఇంజనీరును పరదేశి అన్న ద్వేషంతో కాల్చి చంపినప్పుడు మనమంతా కలత చెందాము. మరి మన హైదరాబాదులో ఏదైనా ఘోరం జరిగితే, సాక్ష్యం రాకముందే పొరుగు రాష్ట్రపు కూలీ వైపు వేలు చూపేవారిని చూసినప్పుడు? న్యూ ఆర్లియన్స్‌లో కథ మొదలైనదీ ఆ వేలితోనే. ఒకచోట వలసవారమూ, మరొకచోట స్థానికులమూ అయిన మనకు ఈ చరిత్ర రెండువైపులా వర్తిస్తుందని నా అభిప్రాయం. మీరేమంటారు?