పెద్దమంగళారపు రంగారెడ్డిగారు

మా మోకిలకు పొరుగుసీమయైన మొయినాబాదు ప్రాంతమున, పెద్దమంగళార గ్రామమందు 1890లో జన్మించిన కొండా వెంకట రంగారెడ్డిగారి కథను విడిచి మా వైపు పల్లెల రాజకీయ చరిత్రను వ్రాయుట సాధ్యము కాదని నా దృఢవిశ్వాసము. కచేరీలలో ఉర్దూయే చెల్లుబాటగుచుండిన నిజాము కాలమున, తన పొలము తగవు తనకు తెలియని భాషలో నడచుచుండగా రైతు చేతులు కట్టుకొని నిలువవలసివచ్చిన ఆ దినములలో, వారు హైదరాబాదున వకీలై పేరు గాంచిరి. 1936లో షాద్‌నగరున జరిగిన ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించిరి. 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావుగారి మంత్రివర్గమున ఆబ్కారీ, అటవీ శాఖలను నిర్వహించిరి. తాళ్లు, ఈదులు, పొరకకంపలతో బ్రతికెడి మా పల్లెలకు సర్కారు ముఖ్యముగా ఎదురుపడునది ఆ రెండు శాఖల రూపముననే కదా.

తెలంగాణను ఆంధ్రతో కలుపు విశాలాంధ్రకు మొదట సమ్మతింపని వారు, విలీనము తప్పదని తేలిన పిదప, 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందముపై తెలంగాణ పక్షమున బూర్గుల, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావుగార్లతో గూడ సంతకము చేసిరి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెనని అందొక షరతు కలదు. రాజ్యాంగమున పేరైనను లేని ఆ పదవి ఆరవ వ్రేలువంటిదని ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారు తొలుత త్రోసిపుచ్చిరి; కాని 1959లో అది రంగారెడ్డిగారికే దక్కి, తరువాతి ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్యగారి కాలమునను నిలిచెను. వారు 1970లో పరమపదించిరి. 1978 ఆగస్టు 15న, వారి మేనల్లుడైన చెన్నారెడ్డిగారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు, ఏర్పడిన కొత్త జిల్లాకు వారి పేరు పెట్టబడెను.

అయితే ఆ ఒప్పందమున నన్ను మిక్కిలి కదలించునది పదవుల పంపకము కాదు. తెలంగాణలోని సాగుభూముల అమ్మకము ప్రాంతీయ మండలి అదుపున ఉండవలెనను షరతు అందొకటి కలదు; నగరము ప్రక్కనే పుట్టి, దాని ఆకలిని ఎరిగిన రంగారెడ్డిగారి సంతకము ఆ షరతు క్రిందనున్నది. ఆ మండలికి బదులుగా 1958లో ఏర్పడిన ప్రాంతీయ సంఘపు పరిశీలనకు వదలిన విషయములలో ఆ అమ్మకమును ఒకటి. 1973లో ఆ సంఘమే రద్దయినది. మా మోకిలలో ఒకప్పుడు జొన్న పండిన చెలకలందు నేడు విల్లాల ప్రహరీలు లేచినవి. ఎకరము, గుంట అను మాటలు పోయి గజము నిలిచినది. 2023లో ప్రభుత్వ సంస్థయే ఇచట ప్లాట్లను గజముల లెక్కన వేలము వేసినది.